పడవ ఇంజన్ సెల్ఫ్ తిరగడం లేదా? మోటార్ విప్పే ముందు వరుసగా చూడాల్సినవి

పులికాట్ ఒడ్డున తడ, సూళ్లూరుపేట వైపు పడవలు నడిపేవారి నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటే: కీ తిప్పితే టక్కుమని చప్పుడు వస్తుంది, ఇంజన్ మాత్రం తిరగదు, ఇప్పుడు ఏం చేయాలి? చాలాచోట్ల దొరికే జవాబు కూడా ఒకటే: ఇంజన్‌ను మొదట తిప్పి అందుకునేలా చేసే సెల్ఫ్ మోటార్ పోయింది, మార్చండి. మోటార్ మార్చాక కొన్ని రోజులు బాగానే నడుస్తుంది. కొత్తది బిగించేటప్పుడు కేబుల్ లగ్గులు (కేబుల్ చివర బోల్టుకు బిగించే లోహపు ముక్కలు) విప్పి మళ్లీ బిగిస్తారు కదా, ఆ బిగింపే దానికి అసలు కారణం. ఉప్పుగాలికి లగ్గు మళ్లీ పచ్చబడగానే సమస్య తిరిగి వస్తుంది.

అందుకే ఈ మార్గదర్శిలో మోటార్ విప్పడం చివర్లో వస్తుంది. బ్యాటరీతో మొదలుపెట్టి కేబుళ్లు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వచ్చే దారి), కీ వైపు వైర్లు, సొలెనాయిడ్ (కీ తిప్పితే మోటార్‌కు పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఆ తర్వాతే మోటార్. ఈ వరుస తప్పకండి.

ఇందులోని కొలతలన్నీ 12 వోల్టుల వ్యవస్థకు సంబంధించినవి. పడవ వెనక బయట బిగించే పెట్రోలు అవుట్‌బోర్డు ఇంజన్లకూ, పడవ లోపల బిగించిన డీజిల్ ఇంజన్లకూ సరిపోతాయి. 24 వోల్టుల ఇంజన్ అయితే బ్యాటరీ కొలతలను రెట్టింపు చేసుకోండి.

1. చేతిలో ఉండాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్ (తక్కువ ధరదైనా చాలు, పిన్నులు గట్టిగా ఉండాలి)
- 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్
- స్పానర్లు, వైరు బ్రష్షు, సన్న ఉప్పు కాగితం
- బ్యాటరీ మూతలు తెరుచుకునే రకమైతే హైడ్రోమీటర్ (బ్యాటరీ ద్రవం సాంద్రత కొలిచేది), డిస్టిల్డ్ వాటర్
- పెట్రోలియం జెల్లీ
- సహాయానికి ఒక మనిషి (కీ తిప్పేవారు ఒకరు, మీటర్ చూసేవారు ఒకరు)

క్లాంప్ మీటర్ దొరికితే ఇంకా మంచిది. అయితే అది నేరు కరెంటును (డీసీ) కొలిచేదై ఉండాలి. ఇంటి వైరింగు చేసేవారి దగ్గర ఉండే మీటర్లలో చాలావరకు ఏసీని మాత్రమే కొలుస్తాయి.

2. మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

పడవను రేవుకు గట్టిగా కట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉందని చేత్తో కదిపి చూసుకోండి. ప్రొపెల్లర్ దగ్గర నీళ్లలో ఎవరూ ఉండకూడదు. చేతి ఉంగరాలు, కడియాలు, లోహపు గడియారం తీసేయండి. పాజిటివ్ టెర్మినల్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉంగరం అడ్డుపడితే వేలు కాలిపోతుంది.

పెట్రోలు ఇంజన్ పడవ లోపల ఉంటే ఇంజన్ గది మూత తెరవండి. బ్లోయర్ ఫ్యాన్ కనీసం 4 నిమిషాలు తిరిగాకే కీ ముట్టుకోండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, పడవ అడుగున పేరుకుంటుంది. వాసన వస్తున్నంతసేపు విద్యుత్ పని ఏదీ వద్దు. బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దాని దగ్గరా నిప్పురవ్వ రాకూడదు.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఈ క్రమం తారుమారైతే, పాజిటివ్ విప్పుతున్న స్పానర్ ఇంజన్‌కు తగిలిందంటే షార్ట్ అవుతుంది.

ఇంకొక జాగ్రత్త చాలామందికి తెలియదు. పొగగొట్టంలోకి నీళ్లు కలిపి వదిలే ఇన్‌బోర్డు (పడవ లోపల బిగించిన) ఇంజన్లలో, ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్‌ను పదేపదే తిప్పితే నీటి పంపు తోడిన నీళ్లు సైలెన్సర్‌లో నిండుతాయి. బయటికి నెట్టడానికి పొగ ఉండదు కాబట్టి అవి వెనక్కి సిలిండర్లలోకి వెళ్తాయి. పరీక్షల కోసం సెల్ఫ్ తిప్పుతున్నంతసేపు బయటి నీళ్లు లోపలికి వచ్చే వాల్వును మూసి ఉంచండి. ఇంజన్ అందుకున్న మరుక్షణం తెరవండి. మరచిపోకుండా ఇంజన్ తాళంచెవిని ఆ వాల్వు పిడికే తగిలించి ఉంచే పద్ధతి చాలా మంచిది.

సెల్ఫ్‌ను ఒక్కసారికి 10 సెకన్లకు మించి తిప్పవద్దు. మళ్లీ తిప్పే ముందు 2 నిమిషాలు ఆగండి. ఈ మోటార్ కొద్దిసేపటి పని కోసమే తయారైంది. ఆగకుండా తిప్పితే లోపలి టంకాలు కరుగుతాయి.

3. చప్పుడును బట్టి ఎక్కడ వెతకాలి

కీ ఒక్కసారి తిప్పి, జాగ్రత్తగా వినండి. ప్యానెల్ దీపాన్ని కూడా గమనించండి.

- ఏ చప్పుడూ లేదు, దీపాలూ వెలగడం లేదు: ప్రధాన స్విచ్, ప్రధాన ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి.
- ఏ చప్పుడూ లేదు, దీపాలు బాగా వెలుగుతున్నాయి: కీ వైపు సర్క్యూట్. 6వ అంశానికి వెళ్లండి.
- టకటకమని వరుసగా కొట్టుకుంటోంది: బ్యాటరీ దిగిపోయింది, లేదా లగ్గు వదులుగా ఉంది.
- ఒక్కసారి టక్కుమని ఆగిపోయింది, దీపాలు మసకబారలేదు: సొలెనాయిడ్ లోపలి కాంటాక్టులు, లేదా మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు.
- ఒక్కసారి టక్కుమంది, దీపాలు బాగా మసకబారాయి: బ్యాటరీ బలహీనం, లేదా మోటార్ గానీ ఇంజన్ గానీ బిగుసుకుపోయింది.
- బరువుగా, నెమ్మదిగా తిరుగుతోంది: బ్యాటరీ, కేబుళ్లు, ఎర్త్. 3 నుంచి 5 వరకు వదలకుండా చేయండి.
- గిర్రున తిరిగే శబ్దం వస్తోంది గానీ ఇంజన్ కదలడం లేదు: బెండిక్స్ (మోటార్ పినియన్‌ను ఇంజన్ ఫ్లైవీల్ మీదికి పంపే భాగం). 8వ అంశం.
- పళ్లు గీసుకున్నట్టు కరకరమంటోంది: పినియన్ (మోటార్ చివర ఉండే చిన్న పళ్లచక్రం) లేదా ఫ్లైవీల్ రింగ్ గేర్ (ఇంజన్ పెద్ద చక్రం చుట్టూ ఉండే పళ్లు) అరిగింది.
- కీ వదిలినా సెల్ఫ్ ఆగడం లేదు: సొలెనాయిడ్ కాంటాక్టులు అతుక్కుపోయాయి. ఆలోచించకుండా ప్రధాన స్విచ్ ఆపేయండి, స్విచ్ లేకపోతే నెగటివ్ కేబుల్ తీసేయండి.

ఇక బ్యాటరీ. ఇంజన్ ఆపి కొన్ని గంటలు గడిచాక కొలవండి. ఇప్పుడే ఛార్జి చేసిన బ్యాటరీ పైపైన ఎక్కువ వోల్టులు చూపి మోసం చేస్తుంది. ఆగే సమయం లేకపోతే ఒక దీపం కొన్ని నిమిషాలు వెలిగించి ఆర్పి, ఆ తర్వాత చూడండి.

- 12.6 వోల్టులు, ఆపైన: నిండుగా ఉంది
- 12.4: ముప్పావు వంతు
- 12.2: సగం
- 12.0: పావు వంతు
- 11.8 కంటే తక్కువ: దాదాపు ఖాళీ. ఛార్జి చేయనిదే మిగతా పరీక్షలకు అర్థం లేదు.

హైడ్రోమీటర్ ఉంటే ఒక్కొక్క గదినీ విడిగా చూడండి. నిండిన గది 1.265 దరిదాపుల్లో ఉంటుంది. ఒక గదికీ మరొక గదికీ తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీకి ఎంత ఛార్జి పెట్టినా ఫలితం ఉండదు. మన ఎండలకు బ్యాటరీలో నీళ్లు త్వరగా తగ్గుతాయి. పలకలు బయటపడితే ముందు అవి మునిగేవరకు మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జి చేయండి, పూర్తి మట్టం వరకు ఛార్జి అయ్యాక పోయండి.

ఇప్పుడు సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ వోల్టేజీ చూడాలి. ఇంజన్ అందుకోకూడదు కాబట్టి పెట్రోలు ఇంజన్‌లో కిల్ స్విచ్ (ఇంజన్‌ను అత్యవసరంగా ఆపే స్విచ్) క్లిప్ తీయండి. క్లిప్ తీస్తే కొన్ని ఇంజన్లలో సెల్ఫ్ కూడా తిరగదు. అలాంటప్పుడు తయారీదారు పుస్తకంలో చెప్పిన పద్ధతిలో ఇగ్నిషన్‌ను ఆపండి. డీజిల్ ఇంజన్‌లో స్టాప్ పిడిని లాగి పట్టుకోండి.

వోల్టేజీ 10కి పైన నిలిస్తే బ్యాటరీ బాగున్నట్టే. 9.6 కంటే కిందికి పడితే రెండే అర్థాలు: బ్యాటరీ చేవ తగ్గింది, లేదా మోటార్ అవసరానికి మించి కరెంటు లాగుతోంది. బాగున్న వేరొక బ్యాటరీ పెట్టి చూస్తే తేలిపోతుంది. సెల్ఫ్ తిరగకుండా వోల్టేజీ 12.4 దగ్గరే కదలకుండా ఉంటే మాత్రం కరెంటు అసలు పారడం లేదు, దారిలో ఎక్కడో తెగింది. బ్యాటరీని నిందించకండి.

4. వోల్టులు ఎక్కడ పోతున్నాయి?

ఈ మార్గదర్శిలో ఒక్క పరీక్షే నేర్చుకుంటానంటే నేను చెప్పేది ఇదే. కేబుల్ బాగుందా లేదా అని చాలామంది మల్టీమీటర్‌ను ఓముల మీద పెట్టి చూస్తారు. అందులో తేలేది ఏమీ లేదు. లోపల తీగలన్నీ తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలినా మీటర్ సున్నా ఓములే చూపిస్తుంది. వందకు పైగా ఆంపియర్లు పారాల్సినప్పుడే ఆ కేబుల్ అసలు స్థితి బయటపడుతుంది. కాబట్టి సెల్ఫ్ కొడుతుండగానే కొలవాలి.

మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టండి. ప్రతి కొలతకూ కీ 3 లేదా 4 సెకన్లు తిప్పితే చాలు.

మొదటిది ఎర్త్ వైపు. మీటర్ ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ దిమ్మె మీద, రెండో పిన్ను సెల్ఫ్ మోటార్ లోహపు శరీరం మీద రంగు లేని చోట పెట్టండి. కేబుల్ క్లాంపు మీద కాదు, సీసపు దిమ్మె మీదే పెట్టాలి. క్లాంపుకూ దిమ్మెకూ మధ్యే లోపం ఉండవచ్చు. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది, 0.3 దాటితే ఎర్త్ దారిలో లోపం ఉంది.

రెండోది పాజిటివ్ వైపు. ఒక పిన్ను బ్యాటరీ పాజిటివ్ దిమ్మె మీద, రెండోది మోటార్‌లోకి కరెంటు వెళ్లే బోల్టు మీద. సొలెనాయిడ్‌తో సహా మొత్తం దారిలో 0.5 వోల్టులకు మించి పోకూడదు.

మించితే దారిని ముక్కలు చేసి కొలవండి: దిమ్మె నుంచి క్లాంపు, క్లాంపు నుంచి ప్రధాన స్విచ్, స్విచ్ రెండు బోల్టుల మధ్య, స్విచ్ నుంచి సొలెనాయిడ్, సొలెనాయిడ్ రెండు పెద్ద బోల్టుల మధ్య. ఒక్కొక్క అతుకు దగ్గర 0.1 వోల్టు వరకు ఫరవాలేదు. సొలెనాయిడ్ దగ్గర 0.3 దాటితే దాని కాంటాక్టులు కాలాయి.

ఒకే అతుకులో 1.5 వోల్టులు పోతున్నాయనుకోండి. మోటార్ 150 ఆంపియర్లు లాగితే ఆ అతుకులో 225 వాట్ల వేడి పుడుతుంది. అందుకే సెల్ఫ్ కొట్టిన వెంటనే లగ్గులను చేత్తో తాకి చూడటం కూడా మంచి పరీక్షే. వేడెక్కిన చోటే లోపం.

కొలతలన్నీ సరిగా ఉండి, మోటార్ బోల్టు దగ్గర 10 వోల్టులు అందుతున్నా తిరగకపోతే, అప్పుడు మోటార్‌ను గానీ ఇంజన్‌ను గానీ అనుమానించవచ్చు.

5. కేబుళ్లు, లగ్గులు, ఎర్త్ బాగుచేయడం

కారులో బాడీ అంతా ఎర్తే. ఫైబర్ పడవకు ఆ సౌకర్యం లేదు. ఇంజన్ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగి రావడానికి నెగటివ్ కేబుల్ ఒక్కటే దారి. అయినా అందరి చూపూ ఎర్ర కేబుల్ మీదే ఉంటుంది, నల్ల కేబుల్‌ను ఎవరూ పట్టించుకోరు.

పులికాట్‌లో వేసవికి నీళ్లు తగ్గి ఉప్పు పెరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలతో, అరణి, కాళంగి, స్వర్ణముఖి నదుల నీళ్లతో ఉప్పు తగ్గినా తేమ తగ్గదు. రాగి తీగ లగ్గు దగ్గర మొదలై ప్లాస్టిక్ తొడుగు లోపలికి పచ్చబడుతూ పోతుంది. బయటికి కొత్తగా కనిపించే కేబుల్‌నూ లగ్గు దగ్గర వంచి చూడండి. లోపల కరకరమంటే, తొడుగు ఉబ్బి ఉంటే, అక్కడ కొద్దిగా కోసి చూడండి. రాగి నల్లగానో పచ్చగానో ఉంటే మెరిసే రాగి వచ్చేవరకు కత్తిరించి కొత్త లగ్గు వేయండి. పొడవు చాలకపోతే మధ్యలో అతుకు వేయకుండా కేబులే మార్చండి.

శుభ్రం చేసే క్రమం:

- ప్రధాన స్విచ్ ఆపి, నెగటివ్ ముందు తీయండి.
- లగ్గు రెండు ముఖాలూ, బోల్టూ, అది కూర్చునే చోటూ మెరిసేవరకు రుద్దండి.
- ఇంజన్ మీద ఎర్త్ కూర్చునే చోట రంగు ఉంటే గీకేయండి.
- పొడి లోహానికి పొడి లోహం తగిలేలా గట్టిగా బిగించండి.
- బిగించిన తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ పూయండి.

జెల్లీ ముందే పూసి బిగించడం తరచూ జరిగే పొరపాటు. అది ఉప్పునీటిని ఆపడానికే గానీ కరెంటును మోయడానికి కాదు.

కొత్త కేబుల్ కొంటే తగరం పూత ఉన్న రాగి తీగదే కొనండి. మామూలు కేబుల్ ఈ గాలికి ఎక్కువ కాలం నిలవదు. కొలత తగ్గించవద్దు. బ్యాటరీ దూరంగా ఉన్నకొద్దీ కేబుల్ లావు పెరగాలి, రానుపోను పొడవు రెండూ లెక్కలోకి తీసుకోవాలి. లగ్గును సుత్తితో నలగగొట్టకుండా సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించండి. దాని మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేయండి.

6. కీ వైపు సర్క్యూట్

దీపాలు వెలుగుతున్నా సెల్ఫ్ మౌనంగా ఉంటే ఇక్కడ వెతకాలి. సొలెనాయిడ్ మీద సన్న వైరు వచ్చే చిన్న టెర్మినల్‌కు టెస్ట్ ల్యాంప్ పెట్టి కీ తిప్పించండి. దీపం వెలిగితే కీ వైపు బాగుంది, 7కు వెళ్లండి. వెలగకపోతే వెనక్కి నడవండి:

- ఫ్యూజు: కంటితో కాదు, రెండు వైపులా ల్యాంప్ పెట్టి చూడండి.
- న్యూట్రల్ స్విచ్: గేరు పిడిని న్యూట్రల్‌లో ఉంచి కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ కీ తిప్పించండి. ఒకచోట అందుకుంటే స్విచ్ లేదా గేరు కేబుల్ సర్దుబాటు తప్పింది.
- కిల్ స్విచ్ క్లిప్: కొన్ని ఇంజన్లలో క్లిప్ లేకపోతే సెల్ఫ్ తిరగదు.
- కీ స్విచ్ వెనక కరెంటు వస్తోందా, తిప్పినప్పుడు సొలెనాయిడ్ వైపు వెళ్తోందా.
- ఇంజన్‌కూ ప్యానెల్‌కూ మధ్య ఉండే పెద్ద ప్లగ్: విప్పి చూడండి. పిన్నుల మీద పచ్చటి పొడి కనిపిస్తే వెతుకుతున్నది దొరికినట్టే.

న్యూట్రల్ స్విచ్‌ను తప్పించి వైర్లు నేరుగా కలిపి నడిపే పడవలు ఉన్నాయి. దయచేసి అలా చేయవద్దు. గేరులో ఉండగా ఇంజన్ అందుకుంటే పడవ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అంచున నిల్చున్న పిల్లలు నేరుగా ప్రొపెల్లర్ వైపు పడతారు.

7. సొలెనాయిడ్

చిన్న టెర్మినల్‌కు కరెంటు వస్తోంది, టక్కుమనడం లేదు: సొలెనాయిడ్ చుట్ట తెగింది, లేదా దాని ఎర్త్ పోయింది. అవుట్‌బోర్డుల్లో విడిగా ఉండే సొలెనాయిడ్‌కు చాలావరకు రెండు చిన్న టెర్మినళ్లు ఉంటాయి, వాటిలో ఒకటి ఎర్త్. దాన్ని మరచిపోయి సొలెనాయిడ్ మార్చేవారు ఎక్కువ.

టక్కుమంటోంది, కానీ కొట్టినప్పుడు రెండు పెద్ద బోల్టుల మధ్య 12 వోల్టులు కనిపిస్తున్నాయి: లోపలి కాంటాక్టులు కలవడం లేదు. సొలెనాయిడ్ మార్చండి.

స్క్రూడ్రైవర్‌తో రెండు పెద్ద బోల్టులను కలపడం రేవుల్లో మామూలుగా కనిపించే పని. నిప్పురవ్వలు ఎగసిపడే ఈ పనిని పెట్రోలు ఇంజన్ గదిలో ఎప్పుడూ చేయకూడదు.

8. మోటార్ తిరుగుతోంది, ఇంజన్ తిరగడం లేదు

చాలా అవుట్‌బోర్డుల్లో పినియన్ మెలికల ఇరుసు మీద పైకి ఎగబాకి ఫ్లైవీల్‌ను పట్టుకుంటుంది. ఇసుక, ఎండిన గ్రీజు, ఉప్పు అక్కడ చేరితే ఎగబాకలేదు. మందమైన గ్రీజు పూయడం ఇక్కడ పెద్ద తప్పు, ఎందుకంటే ఎగిరే ఇసుకంతా దానికే అంటుకుంటుంది. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పలుచటి నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలు.

బ్యాటరీ బలహీనంగా ఉన్నా పినియన్ పూర్తిగా ఎగబాకదని గుర్తుంచుకోండి. రింగ్ గేర్ పళ్లను ఫ్లైవీల్ చేత్తో తిప్పుతూ చుట్టూ చూడండి. పళ్లు ఒకేచోట అరిగి ఉంటే మోటార్ మార్చినా కరకర పోదు.

9. బిగుసుకున్నది ఇంజనేమో చూడండి

మోటార్ విప్పే ముందు ఫ్లైవీల్‌ను చేత్తో గానీ, క్రాంక్ బోల్టు మీద పెద్ద స్పానర్‌తో గానీ, ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పి చూడండి. ముందుగా ప్రధాన స్విచ్ ఆపేయండి. రెండు పూర్తి చుట్లు తిరగాలి.

ఒకచోట గట్టిగా తట్టి ఆగిపోతే సిలిండర్‌లో నీళ్లు ఉండవచ్చు. బలవంతం చేయవద్దు, సెల్ఫ్ అసలు కొట్టవద్దు. నీళ్లు అణగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పెట్రోలు ఇంజన్‌కు ప్లగ్గులు, డీజిల్‌కు ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపించాలి. ఇంజన్ నూనె పాలరంగుకు మారిందేమో చూసి, మారితే నూనె మార్చాలి. ఆ నీళ్లు ఎలా వచ్చాయో తేలేవరకు ఇంజన్ నడపవద్దు.

10. మోటార్ విప్పాక

విప్పే ముందు రెండు మూతలకూ శరీరానికీ మధ్య గీతలు గీసుకోండి. లోపల చూసేవి తక్కువే. బ్రష్‌లు తయారీదారు చెప్పిన హద్దు కంటే అరిగితే మార్చాలి, వాటి స్ప్రింగులు గట్టిగా ఉండాలి. కమ్యుటేటర్‌ను (బ్రష్‌లు తగిలే రాగి పలకల వరుసను) సన్న ఉప్పు కాగితంతో మాత్రమే రుద్దండి. ఎమరీ గుడ్డ వాడితే దాని రేణువులు పలకల మధ్య ఇరుక్కుని కరెంటును దాటిస్తాయి. కమ్యుటేటర్ పలకకూ ఇరుసుకూ మధ్య మీటర్ ఏ కొనసాగింపూ (కంటిన్యూటీ) చూపకూడదు, చూపితే ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) పోయింది. ఆర్మేచర్ ఒకవైపే గీసుకుపోయి మెరుస్తుంటే బుష్‌లు అరిగాయి. ఇంతవరకు తిరుపతిలో గానీ నాయుడుపేటలో గానీ మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేయగలరు. మూతల రబ్బరు రింగులు కొత్తవి వేయమని మాత్రం మీరే గుర్తుచేయాలి, కారు మోటార్ల పనిలో వాటిని ఎవరూ పట్టించుకోరు.

సుత్తితో తట్టే అలవాటు ఉన్నవారికి ఒక మాట. శాశ్వత అయస్కాంతాలున్న మోటార్లలో దెబ్బకు అయస్కాంతం పగులుతుంది.

కొత్త మోటార్ కొనాల్సి వస్తే పినియన్ పళ్ల సంఖ్య, తిరిగే దిశ పాతదానితో సరిచూసుకోండి. పడవ ఇంజన్లలో ఎదురు దిశలో తిరిగేవీ ఉంటాయి. పెట్రోలు ఇన్‌బోర్డుకు కారు సెల్ఫ్ ఎంత చవకగా దొరికినా వద్దు. పడవ కోసం చేసిన మోటార్‌లో లోపలి నిప్పురవ్వ బయటి పెట్రోలు ఆవిరిని అంటించకుండా కట్టుదిట్టం ఉంటుంది, కారుదానిలో ఆ రక్షణ ఉండదు.

11. నీటి మధ్యలో సెల్ఫ్ మొరాయిస్తే

ముందు లంగరు వేయండి, అందరికీ లైఫ్ జాకెట్లు వేయించండి. ఆ తర్వాత ఈ వరుసలో చూడండి:

- గేరు న్యూట్రల్‌లో ఉందా, కిల్ స్విచ్ క్లిప్ పెట్టి ఉందా
- ప్రధాన స్విచ్ నాలుగైదు సార్లు వేసి తీయండి
- బ్యాటరీ క్లాంపులు చేత్తో కదులుతున్నాయా, కదిలితే బిగించండి
- దీపాలు, బిల్జి పంపు (పడవ అడుగున చేరిన నీళ్లు తోడేది) తప్ప మిగతావన్నీ ఆపి 10 నిమిషాలు ఆగి, ఒక్కసారి ప్రయత్నించండి
- రెండో బ్యాటరీ ఉంటే దానికి మార్చండి

చిన్న అవుట్‌బోర్డులకు ఫ్లైవీల్‌కు చుట్టి లాగే అత్యవసర తాడు ఇస్తారు. దాన్ని పడవలోనే ఉంచండి. ఆ తాడుతో లాగినప్పుడు న్యూట్రల్ రక్షణ పనిచేయకపోవచ్చు. కాబట్టి గేరు మరోసారి చూసుకుని, మీ వెనక ఎవరూ లేరని నిర్ధారించుకుని, చీర కొంగు, తువ్వాలు, జుట్టు ఫ్లైవీల్‌కు దూరంగా ఉన్నాయో లేదో చూసి లాగండి. ఇంజన్ అందుకున్నాక తెరిచి ఉన్న ఫ్లైవీల్ మీద మూత పెట్టే ప్రయత్నం చేయవద్దు, ఒడ్డు చేరేవరకు అలాగే నడపండి.

రేవు చేరాక ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ వోల్టేజీ కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య లేకపోతే మీ సెల్ఫ్‌లో లోపం లేదు, ఛార్జింగ్ సరిగా జరగడం లేదు. అక్కడి నుంచి వెతకండి.